కర్సర్ అదురుతోందా, దూకుతోందా, మొరాయిస్తోందా?

పెద్దలకు నమస్కారం. మా మండలంలోని ఉన్నత పాఠశాలల కంప్యూటర్ గదులలో గోడకు అతికించడానికి నేనొక సహాయపత్రాన్ని తెలుగులో సిద్ధం చేస్తున్నాను. మనం మౌస్‌ను కదిపిన తీరుకూ, తెర మీద కర్సర్ కదిలే తీరుకూ పొంతన లేకపోవడాన్ని ఇంగ్లీషులో ‘ఎరాటిక్’ అన్న ఒక్క విశేషణంతో చెప్పేస్తారు. దానికి నేను ‘అస్థిర చలనం’ అని రాస్తే, ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు చదివి ఇది భూకంపాల పాఠమా అని అడిగాడు. ‘క్రమరహిత గమనం’ అంతకంటె మెరుగేమీ కాదు. పిల్లలకు చూడగానే అర్థమయ్యే ఒక్క మాటను సూచించగలరని మనవి.

— ఒక్క మాటే కావాలంటే ‘అడ్డదిడ్డంగా’ ఉండనే ఉంది కదండీ. మా కరీంనగర్ వైపు అయితే ‘కర్సర్ ఆగమాగం తిరుగుతాంది’ అంటారు. రెండూ పిల్లలకు తెలిసిన మాటలే.

— నేను భాషా పండితుణ్ణి కాను, పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్ల మరమ్మతు చేస్తున్నవాణ్ణి. ‘అడ్డదిడ్డంగా’ మంచి మాటే గానీ అది శీర్షికకు సరిపోతుంది, వైద్యానికి సరిపోదు. నా పనిలో సగం ఫోనులోనే జరుగుతుంది కనుక, అవతలివారు వాడే క్రియ మీదనే నేను ఆధారపడతాను. ‘మౌస్ పిచ్చిపట్టినట్టు చేస్తోందండీ’ అంటే నాకు తెలిసేది ఏమీ ఉండదు. ‘అసలు ఏం చేస్తోందండీ?’ అని రెండోసారి అడిగినప్పుడు వచ్చే క్రియలోనే జబ్బు సగం దొరుకుతుంది.

చెయ్యి పూర్తిగా తీసేసినా కర్సర్ ఉన్నచోటనే సన్నగా కొట్టుకుంటూ ఉంటే దాన్ని నేను అదరడం అంటాను. కన్నదురుతోంది అంటామే, ఆ అదురే ఇది. వణుకు ఒళ్లంతా ఉంటుంది, అదురు ఒక్కచోట ఉంటుంది. ఇప్పటి మౌస్ అడుగున ఒక చిన్న దీపం బల్లను వెలిగిస్తూ ఉంటే, దాని పక్కనున్న సెన్సార్ సెకనుకు వెయ్యికి పైగా బొమ్మలు తీసి, ముందు బొమ్మతో తర్వాతి బొమ్మను పోల్చి, మౌస్ ఎటు ఎంత జరిగిందో లెక్క కడుతుంది. ఆ రంధ్రానికి అడ్డంగా ఒక్క వెంట్రుక పడినా లెక్క తప్పవచ్చు. గత నెల ఒక కార్యాలయంలో కొత్త మౌస్ కొనడానికి అప్పటికే కాగితం పెట్టేశారు. నేను వెళ్లి పాతదాన్ని తిరగేసి చూస్తే, సెన్సార్ రంధ్రంలో పసుపురంగు నూలుపోగు ఒకటి ఇరుక్కుని ఉంది. అగ్గిపుల్లతో తీసేసరికి అదురు ఆగిపోయింది.

ఇక్కడున్న కర్సర్ నడుమ దారి కనిపించకుండా మరోచోట తేలితే అది దూకడం. దీనికి తరచు బల్లే కారణం. గాజుపలక మీదా, అద్దంలా మెరిసే సన్‌మైకా మీదా పోల్చుకోవడానికి గరుకుదనం కనిపించక సెన్సార్ తికమకపడుతుంది. మౌస్ కింద ఒక తెల్లకాగితం వేసి చూడమని చెబుతాను. దూకడం ఆగితే ఖర్చు లేకుండా రోగం తెలిసినట్టే.

ఆగి ఆగి కదిలితే కథ వేరు. వైర్ లేని మౌస్ అయితే ముందు బ్యాటరీ మారుస్తాను, ఆ తర్వాత దాని సంకేతాలను అందుకునే చిన్న ముక్క, అంటే రిసీవర్, కంప్యూటరుకు ఎక్కడ గుచ్చారో చూస్తాను. ఈ మౌస్‌లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద మాట్లాడుకుంటాయి. యూఎస్‌బీ 3.0 పరికరాలు పనిచేసేటప్పుడు అదే పౌనఃపున్యంలో రొద పుట్టిస్తాయని 2012లో ఇంటెల్ సంస్థ ఒక పత్రంలో వివరించింది. కాబట్టి కంప్యూటర్ డబ్బా వెనక, యూఎస్‌బీ 3.0కు గుర్తయిన నీలిరంగు పోర్టులో హార్డ్‌డిస్కును, దాన్ని ఆనుకునే మౌస్ రిసీవర్‌ను గుచ్చితే కర్సర్ ఆగి ఆగి నడవడంలో వింత లేదు. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో రిసీవర్‌ను బల్ల మీదికి తెస్తే చాలు. వైరున్న మౌస్ కూడా ఆగుతూ, దానితో పాటు వీడియో కూడా ఆగుతూ ఉంటే, తప్పు మౌస్‌ది కాదు, భారం మోయలేని కంప్యూటరుది. అప్పుడు ఏ ప్రోగ్రాం ఎంత భారం వేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూడాలి.

ఎవరూ ముట్టుకోకుండానే ఒక పక్కకు కొట్టుకుపోతూ ఉంటే మౌస్‌ను ఊడదీయమంటాను. అప్పటికీ కదులుతుంటే దొంగ మరెక్కడో ఉన్నాడన్నమాట. ఒకసారి సొరుగులో పుస్తకాల కింద పడి ఉన్న పాత వైర్‌లెస్ మౌస్ దొరికింది; దాని రిసీవర్‌ను ఎవరూ తీయలేదు. కర్సర్ తిన్నగా ఒక ఫైలు దగ్గరికి వెళ్లి దాన్ని తెరుస్తూ ఉంటే మాత్రం, దాన్ని ఎవరో దూరం నుంచి నడుపుతున్నారేమో కనుక, ముందు ఇంటర్నెట్ వైరు పీకి తర్వాత నాకు ఫోను చేయమంటాను.

రబ్బరు బంతి ఉన్న మౌస్‌ల కాలంలో ‘నిలువుగా పోతోంది, అడ్డంగా పోవడం లేదు’ అన్న ఫిర్యాదు వచ్చేది. లోపలి రెండు రోలర్లలో ఒకదానికి నల్లటి మట్టి వలయం కట్టేది, గోటితో గీకితే రాలిపోయేది. మీ బడులలో అలాంటివి ఇంకా ఉంటే ఆ వాక్యాన్ని కూడా చేర్చండి.

— మరమ్మతు చేసేవారు రాసినది చదివాక, నేను సూచించబోయిన ‘చంచల గతి’ని నాలోనే దాచుకుంటున్నాను. శీర్షికలో ఉన్న ‘మొరాయించు’ మీద మాత్రం ఒక అభ్యంతరం ఉంది. అది బండికి కట్టిన ఎద్దు అడుగు వేయనని భీష్మించే పని. పత్రికలలో సర్వర్లు, ఈవీఎంలు మొరాయిస్తున్నాయంటే అవి నిజంగానే నిలిచిపోయాయి కనుక అక్కడ ఒప్పుతుంది. ఆగి ఆగి నడిచేదాన్ని మొరాయించింది అనకూడదు. తెలుగులో ‘ఉండి ఉండి’కీ ‘ఉన్నట్టుండి’కీ ఉన్న తేడా ఇక్కడ ఎంతో అక్కరకు వస్తుంది: ఉండి ఉండి ఆగుతుంది, ఉన్నట్టుండి దూకుతుంది. దూకడానికి ‘కప్పదాటు’ అందామా అనుకున్నాను. వ్యాకరణంలో ఒక సూత్రంలోని పదం నడుమ సూత్రాలను దాటి ముందుకు పోవడాన్ని మండూకప్లుతి అంటారు, పోలిక చక్కగా కుదురుతుంది. అయితే నేడు కప్పదాటు అంటే మాట తప్పించడమే గనుక పిల్లలు తికమకపడతారు.

మౌస్, కర్సర్ అన్న మాటలను అలాగే ఉంచండి. లాటిన్‌లో కర్సర్ అంటే పరుగెత్తేవాడు; లెక్కలు కట్టే పాతకాలపు కొలబద్ద అయిన స్లైడ్ రూల్ మీద అటూ ఇటూ జరిపే గాజుబిళ్లకు ఆ పేరు ముందే ఉంది. మౌస్‌ను ఆ పేరుతో ఎందుకు పిలుస్తున్నామో తనకే తెలియదని 1968 డిసెంబరు 9న దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో సభలో చూపిస్తూ మౌస్ సృష్టికర్త డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అన్నాడు. ఆయనకే లేని పట్టింపు మనకెందుకు?

— అందరికీ కృతజ్ఞతలు. నిన్న బడికి వెళ్లి, భూకంపం అన్న పిల్లవాణ్ణే పిలిచి, ‘ఏం చేస్తోందిరా?’ అని అడిగాను. ‘పెట్టె తెరుచుకున్నప్పుడల్లా ఓకే మీదికి దుంకుతాంది సార్’ అన్నాడు. పెట్టె అంటే తెర మీద ఓకే బటన్‌తో తెరుచుకునే చిన్న గడి. తెల్లకాగితం వేసినా దూకడం ఆగలేదు. అప్పుడు ఆ ‘తెరుచుకున్నప్పుడల్లా’ను పట్టుకుని విండోస్ సెట్టింగులలో ఉండే మౌస్ ప్రాపర్టీస్‌లోని పాయింటర్ ఆప్షన్స్ తెరిచి చూస్తే, కర్సర్‌ను దానంతట అదే బటన్ మీదికి తీసుకుపోయే ‘స్నాప్ టు’ గడిలో టిక్కు పెట్టి ఉంది. తీసేశాను. పత్రంలో ‘దూకడం’ కింద ఇప్పుడు రెండు వాక్యాలు ఉన్నాయి: ‘ఉన్నట్టుండి దూకితే కింద తెల్లకాగితం వేయండి. పెట్టె తెరుచుకున్నప్పుడల్లా దూకితే స్నాప్ టు టిక్కు తీయండి.’