ఆలోచన ఒకరిది, బొమ్మ ఇంకొకరిది: కామిక్‌కు సృష్టికర్త ఎవరు?

పెన్సిల్_ములికి (ప్రశ్న)

ఇక్కడ కామిక్స్ రాసేవాళ్ళూ ఉన్నారు, గీసేవాళ్ళూ ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. నేను బొమ్మలు వేస్తాను, నా స్నేహితుడు కథ రాస్తాడు. ఇద్దరం కలిసి చేసిన మొదటి పుస్తకం అచ్చుకు వెళ్ళబోతోంది. కవర్ నమూనా వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో "సృష్టి, రచన" అని అతని పేరు. కింద, అందులో సగం సైజులో, "బొమ్మలు" అని నా పేరు. ఇదేమిటని అడిగితే, "పాత్ర నా బుర్రలో పుట్టింది, కథ నాది. నువ్వు రూపం ఇచ్చావు, అందుకే బొమ్మలు అని వేశాం కదా" అన్నాడు. మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదది. అతను నిజంగానే అలా నమ్ముతున్నాడు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

జరిగింది చెబుతాను. మొట్టమొదట అతను పంపిన మెసేజ్ ఇంతే: "ఒక అమ్మాయి. ఉత్తరాలు చేరవేస్తుంది. ఎవరినీ నమ్మదు." ఆ ముక్క పట్టుకుని ఆమెను మళ్ళీ మళ్ళీ గీశాను. పొట్టిగా, భుజాలు కాస్త ముందుకు వంగి, ఒంటికి మరీ పెద్దదైన సంచీతో వచ్చింది. ఆ సంచీని అందరిలా పక్కకు వేలాడేసుకోదు. పొట్టకు అడ్డంగా రెండు చేతులతో పట్టుకుంటుంది. భయమేస్తే పట్టీని పళ్ళతో కొరుకుతుంది. స్క్రిప్టులో సంచీ అన్న మాటే లేదు. నా బొమ్మలు చూశాక అతను మూడో అధ్యాయం మొత్తం మార్చి, సంచీ అడుగున కుట్టేసిన ఒక ఉత్తరం చుట్టూ కథను తిప్పాడు. డ్రాఫ్ట్ చదివినవాళ్ళందరూ ఇప్పుడు ఆ సంచీ గురించే అడుగుతున్నారు.

ఇంకో పేజీ గురించి కూడా చెప్పాలి. స్క్రిప్టులో ఒక్క వాక్యం: "ఉత్తరం చదివి, తండ్రి బతికే ఉన్నాడని తెలుసుకుంటుంది." దాన్ని నేను పేజీ నిండా పరిచాను. మొదటి ప్యానెల్‌లో కాగితం మీద వరుసల వెంట కదులుతూ ఒకచోట ఆగిపోయిన బొటనవేలు. తర్వాత మూడు ప్యానెళ్ళలో అదే ముఖం, అదే కోణం. కిటికీలోంచి పడే వెలుగు మాత్రం చెంప మీంచి వెనక గోడ మీదికి జరుగుతుంది. చివరి ప్యానెల్‌లో కుర్చీ ఖాళీ. ఎంతసేపు కదలకుండా కూర్చుందో ఆ వెలుగే చెబుతుంది. అతను ఆ పేజీకి రాసిపెట్టుకున్న డైలాగులన్నీ తీసేశాడు. "ఇక్కడ మాటలెందుకు" అన్నాడు.

రచన అతనిదే, అందులో పేచీ లేదు. కానీ ఆ అమ్మాయికి నేను కూడా సృష్టికర్తనే అనుకోవడం అత్యాశా? మీ అనుభవంలో ఇవి ఎలా తేలాయో చెప్పండి. రెండు రోజులుగా పెన్సిల్ పట్టుకోబుద్ధి కావట్లేదు.

డైలాగ్_పెట్టె

నేను రాసేవాణ్ణి కాబట్టి మీ స్నేహితుడి వైపు నుంచి నాలుగు మాటలు. స్క్రిప్టు అంటే అందరికీ మూడు వాక్యాల మెసేజ్ కాదు. "వాచ్‌మెన్" మొదటి సంచికకు అలన్ మూర్ రాసిన స్క్రిప్టు 101 టైపు పేజీలు. చదివేవాళ్ళు పేజీ తిప్పేచోట ఏం కనబడాలో ఆలోచించి రాసే రచయితలు ఉన్నారు.

పేరు పోగొట్టుకున్నది ఎప్పుడూ చిత్రకారులే అనుకోకండి. 1939లో బ్యాట్‌మ్యాన్ వచ్చినప్పుడు సృష్టికర్తగా బాబ్ కేన్ ఒక్కడి పేరే పడింది. అతను చిత్రకారుడు. మొదట గీసుకొచ్చిన బొమ్మలో ఎర్రటి బట్టలు, కళ్ళ చుట్టూ చిన్న మాస్క్, వీపున బిర్రుగా రెండు రెక్కలు ఉన్నాయట. చెవులున్న ముసుగు, రెక్కల బదులు కేప్, చేతులకు గ్లవ్స్, బూడిదరంగు, ఇవన్నీ రచయిత బిల్ ఫింగర్ సలహాలు. బ్రూస్ వేన్ పేరు, గోథమ్ నగరం కూడా అతనివే. ఫింగర్ 1974లో పోయాడు. తన పేరు తన పాత్ర పక్కన చూసుకోలేదు. బ్యాట్‌మ్యాన్ ప్రచురణ సంస్థ డీసీ ఆ పేరు చేర్చడానికి ఒప్పుకున్నది 2015లో.

నా అభ్యంతరం ఒక్కటే. ముఖం గీసినంత మాత్రాన సృష్టికర్త అయిపోతే, రేపు పదో సంచిక గీసినవాళ్ళూ వచ్చి అదే అడుగుతారు. ఎక్కడో ఒకచోట హద్దు పెట్టాలి కదా.

గళ్ళ_మధ్య

పెట్టె గారూ, పదో సంచిక సంగతి తేలికే. పాత్ర మొదటిసారి కనబడిన పేజీలు ఎవరు చేశారో వాళ్ళే సృష్టికర్తలు. తర్వాత వచ్చినవాళ్ళు ఎంత గొప్పగా చేసినా అది వాళ్ళ రచన, వాళ్ళ బొమ్మలు. నేను ఎడిటర్‌గా పనిచేస్తాను. తగవు ఎప్పుడూ అక్కడ రాదు. ఇదిగో, ములికి గారు అడిగినచోటే వస్తుంది: ఆలోచన ముందు ఎవరికి వచ్చింది అన్న దగ్గర. నా దృష్టిలో అసలు అడగకూడని ప్రశ్న అది. అచ్చయిన పేజీలో ఏముంది, అక్కడున్న ఒక్కొక్క నిర్ణయం ఎవరిది? అడగాల్సింది ఇది.

స్పైడర్‌మ్యాన్ సంగతి చూడండి. రచయిత స్టాన్ లీ ఆ పనిని మొదట ఇచ్చింది చిత్రకారుడు జాక్ కర్బీకి. కర్బీ కొన్ని పేజీలు గీశాడు. కుర్రాడు మరీ వీరుడిలా ఉన్నాడని లీకి నచ్చలేదు. పని ఇంకో చిత్రకారుడు స్టీవ్ డిట్కో చేతికి వెళ్ళింది. బక్కపల్చటి స్కూలు కుర్రాడు, ముఖం మొత్తం కప్పేసిన ముసుగు, కాళ్ళూ చేతులూ సాలీడులా మెలికలు తిరిగే భంగిమలు అక్కడ వచ్చాయి. ముఖం కప్పేస్తే ఏడుపూ భయమూ ఎలా చూపిస్తారు? ఒంటితో చూపించాలి. వంగిన వీపు, ముడుచుకున్న వేళ్ళు. ఆ పాత్ర కదిలే తీరంతా ఆ ఒక్క ముసుగు నిర్ణయం నుంచి వచ్చింది. 1962లో పాఠకులు చూసింది ఈ కుర్రాణ్ణే.

2007లో ఒక టీవీ డాక్యుమెంటరీలో లీని ఇదే అడిగారు. ఆలోచన ఎవరికి వస్తే వాళ్ళే సృష్టికర్త అన్నది తన నమ్మకమని, డిట్కోను సహ సృష్టికర్త అనడానికి మాత్రం తనకు ఇష్టమేనని చెప్పాడు. మీ స్నేహితుడి మాటా దాదాపు ఇదే. లీ రాసిన మాటలు చదువుతూ పెరిగినవాణ్ణి నేను. ఆ కామిక్స్‌లో మనుషులు మాట్లాడుకునే తీరు అతనిది, దాన్ని ఎవరూ తీసేయలేరు. అయినా ఈ మాట నాకు మింగుడుపడదు. ఆలోచనే పాత్ర అయితే కర్బీ గీసిన పేజీల్లోనూ అదే పాత్ర ఉండాలి కదా. మరి వాటిని ఎందుకు పక్కన పెట్టాడు?

అప్పట్లో స్పైడర్‌మ్యాన్ ప్రచురణ సంస్థ మార్వెల్‌లో పనిచేసే పద్ధతి తెలిస్తే విషయం ఇంకా తేటగా ఉంటుంది. లీ కథను క్లుప్తంగా చెప్పేవాడు, ఒక్కోసారి నోటిమాటగానే. చిత్రకారుడు దాన్ని పేజీలుగా, సంఘటనలుగా విడగొట్టి గీసుకొచ్చేవాడు. ఆ తర్వాత లీ బుడగల్లో మాటలు నింపేవాడు. కర్బీ గీసిన అసలు పేజీల అంచుల్లో పెన్సిల్‌తో రాసిన నోట్స్ ఇప్పటికీ కనిపిస్తాయి. ఇక్కడ వీడు ఏమంటున్నాడు, ఎందుకు పారిపోతున్నాడు అని లీకి వివరిస్తూ రాసినవి. 1966లో "ఫెంటాస్టిక్ ఫోర్" 48వ సంచిక పేజీల్లో సర్ఫ్ బోర్డు మీద వెండిరంగు మనిషి కనబడేదాకా సిల్వర్ సర్ఫర్ అనేవాడు ఉన్నాడని లీకే తెలియదు. ఈ సంగతి చెప్పింది లీనే. ఆ మనిషికి గంభీరమైన మాటతీరు ఇచ్చిందీ లీనే. ఎవరి వాటా ఎంతో ఇక్కడ నాకు స్పష్టంగా కనబడుతుంది. "రచన" అని ఒక్క పేరు వేసిన క్రెడిట్ పెట్టెలో అది కనబడదు.

మూర్ 101 పేజీల మాట వచ్చింది కాబట్టి అదీ చెబుతాను. "వాచ్‌మెన్" పేజీని తొమ్మిది గళ్ళుగా పేర్చడం చిత్రకారుడు డేవ్ గిబ్బన్స్ ఎంచుకున్న పద్ధతి. అందులో కమేడియన్ అనే పాత్ర ఒంటి మీది నవ్వుముఖం బ్యాడ్జ్ కూడా గిబ్బన్స్ డిజైన్ చేస్తూ తగిలించిందే. పుస్తకం మొదటి ప్యానెల్ ఆ బ్యాడ్జ్‌తోనే మొదలవుతుంది. ములికి గారూ, మీ సంచీ సంగతి చదవగానే నాకు గుర్తొచ్చింది అదే.

చట్టం ఏమంటుందో కూడా కొంచెం. "స్పాన్" తొమ్మిదో సంచికను 1993లో నీల్ గైమన్ రాశాడు, టాడ్ మెక్‌ఫార్లేన్ గీశాడు. అందులో పుట్టిన పాత్రల హక్కుల మీద ఇద్దరూ కోర్టుకెక్కారు. 2004లో అమెరికా అప్పీళ్ళ కోర్టు గైమన్ కూడా సహ హక్కుదారుడే అంది. రచయిత ఇచ్చిన వర్ణనను విడిగా తీస్తే కాపీరైట్ పుట్టేంత సరుకు అందులో ఉండకపోవచ్చు. అయినా ఇద్దరి పనీ కలిశాక నిలబడిన పాత్ర ఇద్దరిదీ అవుతుందని ఆ తీర్పు సారాంశం. అక్కడ లాభపడింది రచయిత. కానీ ఆ తర్కం ఇటు తిప్పినా పనిచేస్తుంది.

మీరు చేయాల్సింది: సృష్టి, రచన, బొమ్మలు, మూడూ వేర్వేరు వరుసలు అడగండి. సృష్టి దగ్గర ఇద్దరి పేర్లు, ఒకే సైజులో. అది కవర్ మీదే కాదు, కాంట్రాక్టులోనూ ఉండాలి. సీగల్, షూస్టర్ 1938లో సూపర్‌మ్యాన్ హక్కుల్ని 130 డాలర్లకు రాసిచ్చేశారు. సృష్టికర్తలుగా పేరూ, ఏటా కొంత పింఛనూ దక్కేసరికి 1975 చివరికొచ్చింది. అచ్చయ్యాక అడుగుదాంలే అనుకోకండి.

రంగుల_డబ్బా

ఇద్దరి మధ్య దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను కలరిస్టును. ములికి గారూ, ఆ వెలుగు చెంప మీంచి గోడ మీదికి జరిగిన పేజీకి రంగులు ఎవరు వేశారు? మీరు రాసినదాంట్లో ఆ పేరు ఎక్కడా రాలేదు.

"ద కిల్లింగ్ జోక్" అనే బ్యాట్‌మ్యాన్ కామిక్ 1988లో జాన్ హిగిన్స్ రంగులతో వచ్చింది. ఊదా, నారింజ, పచ్చ కళ్ళలో గుచ్చుకుంటాయి, ప్రతి పేజీకీ జ్వరం వచ్చినట్టు ఉంటుంది. 2008లో బొమ్మలు వేసిన బ్రయన్ బోలండే మళ్ళీ రంగులు వేశాడు. గతం చెప్పే దృశ్యాలు దాదాపు నలుపు తెలుపు, అక్కడక్కడా ఎరుపు మాత్రం. కథ అదే, గీతలు అవే. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే రెండు వేరే మనఃస్థితుల్లోకి వెళ్తారు. నాకు మొదటిదే ఇష్టం, ఎవరేమన్నా సరే.

ఇంకింగ్ చేసేవాళ్ళ, అంటే పెన్సిల్ గీతల మీద సిరాతో దిద్దేవాళ్ళ చేతిలోనూ ఎంతుందో చెప్పడానికి విన్స్ కొలెటా చాలు. గడువులోగా ఇవ్వాలని కర్బీ పెన్సిల్‌తో వేసిన మనుషుల్నీ వెనక వివరాల్నీ కొన్నిచోట్ల ఏకంగా చెరిపేసేవాడు. ఇక అక్షరాలు రాసేవాళ్ళు బుడగను ఒక అంగుళం పక్కకు జరిపితే చదివేవాళ్ళ చూపు ముందు జవాబు మీద పడి తర్వాత ప్రశ్న మీద పడుతుంది.

మేం సృష్టికర్తలమని అనట్లేదు. మీ ఇద్దరూ "సృష్టి" గురించి పోట్లాడుకునే కవర్ మీదే మా పేర్లు కూడా ఉండాలంటున్నాను. చివరి పేజీలో, ధన్యవాదాల మధ్య చిన్న అక్షరాల్లో కాదు.

పెన్సిల్_ములికి

డబ్బా గారూ, వెలుగు ఎక్కడ పడాలో నేను గీశాను. కానీ మొదటి ప్యానెల్లో అది పొద్దుటి పసుపు, మూడోదాంట్లో సాయంత్రపు నారింజ. ఆ నిర్ణయం మా కలరిస్టుది. ఆమె పేరు కవర్ మీద లేదు. అక్షరాలు రాసినతని పేరూ లేదు. ఇద్దరి పేర్లూ ఉండాలని ప్రచురణకర్తకు ఇవాళే రాశాను.

గళ్ళ గారు చెప్పినట్టు స్నేహితుడితో కూర్చున్నాను. వాదించలేదు. అతని మొదటి మెసేజ్, దాని తేదీ, ఆ తర్వాత నేను పంపిన స్కెచ్‌లు, ఆ తర్వాత అతను మార్చిన మూడో అధ్యాయం, అన్నీ వరుసగా పెట్టి చూపించాను. సంచీ మొదట కనబడిన స్కెచ్ దగ్గర చాలాసేపు ఆగాడు. "ఇది నేనే రాశాననుకుంటున్నాను ఇన్నాళ్ళూ" అన్నాడు. నాకు కోపం రాలేదు, అంతలా కలిసిపోయి పనిచేశాం అనిపించింది. సృష్టి కింద ఇద్దరి పేర్లు వేయడానికి ఒప్పుకున్నాడు. అదే సైజులో.

ఎవరి పేరు ముందు అన్నది ఇంకా తేలలేదు. రచయిత పేరే ముందుండాలని అతను, అక్షరక్రమం ప్రకారం వేద్దామని నేను. ప్రచురణకర్త మాత్రం కవర్ మీద నలుగురి పేర్లకు చోటు చాలదంటున్నారు. కవర్ బొమ్మలో ఆ అమ్మాయి ఎడమచేతి వైపు ఆకాశం ఖాళీగా ఉంది. అక్కడున్న మబ్బును తీసేసి కవర్ మళ్ళీ గీసి ఇస్తానన్నాను. శుక్రవారం లోపు పంపమన్నారు.