ఎంచిలాడా రొట్టెలు ఓవెన్‌లో ముద్దవుతున్నాయి, చుడితే విరుగుతున్నాయి: 8 మందికి సరిపడా కొలతలు, స్టఫింగులు చెప్పండి

సర్జాపూర్_వంటిల్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆదివారం 8 మందికి ఎంచిలాడాలు (రొట్టెలో స్టఫింగ్ చుట్టి మిరప సాస్ పట్టించే మెక్సికన్ వంటకం) చేయాలి, మనిషికి రెండు చొప్పున 16. నలుగురు శాకాహారులు, వాళ్లలో ఒకరు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. మిగతా నలుగురికి చికెన్. ఇంట్లో 28 లీటర్ల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్), రెండు గాజు ట్రేలు, పూరీ ప్రెస్, మిక్సీ, వెట్ గ్రైండర్ ఉన్నాయి.

గోధుమ చపాతీలతో చేస్తే అడుగున జావలా, అంచులు అప్పడంలా అయ్యాయి. మక్కీ ఆటాతో (మొక్కజొన్న పిండి) చేస్తే చుట్టగానే నడుముకి విరిగాయి. సాస్‌కి గుంటూరు మిరప వాడితే కారం ఎక్కువై, పైగా చేదొచ్చింది. రొట్టె దేనితో చేయాలి, సాస్‌కి ఏ మిరప, స్టఫింగులు ఏమేం పెట్టొచ్చు? ముందు రోజే ఎంతవరకు చేసి పెట్టుకోవచ్చు?

బ్యాడగి_డబ్బి

సాస్ నుంచి మొదలుపెడదామండీ. ఎంచిలాడా అనే పేరుకి అర్థమే కారం పట్టించినది అని. సాస్ కుదరకపోతే లోపల ఏం పెట్టినా అది చీజ్ వేసిన ఫ్రాంకీయే (కూర చుట్టిన చపాతీ రోల్).

మెక్సికోలో దీనికి గువహీయో, ఆంచో లాంటి ఎండుమిరప వాడతారు. వాటికి రంగు, పండు లాంటి రుచి ఎక్కువ, కారం తక్కువ. మనకి బెంగళూరులో వాటి బదులు బ్యాడగి మిరప ఉంది. అందులో కడ్డి రకం సన్నగా పొడుగ్గా ఉంటుంది, కాస్త కారం. డబ్బి రకం పొట్టిగా, బొద్దుగా ఉంటుంది, రంగు బాగా దిగుతుంది, కారం తక్కువ. సిటీ మార్కెట్లో ఎండుమిరప కొట్ల దగ్గర డబ్బి అని అడిగి తీసుకోండి. చేత్తో వంచితే తోలులా వంగాలి. పుటుక్కున విరిగితే పాతవి.

16 ఎంచిలాడాలకి 50 గ్రాముల బ్యాడగి, కారం కోసం 3 గుంటూరు మిరప, 400 గ్రాముల టమాటాలు, ఒక ఉల్లిపాయ, 6 వెల్లుల్లి రెబ్బలు, చెంచా జీలకర్ర. తొడిమలు, గింజలు తీసేసి మిరపని పొడి పెనం మీద సన్న సెగన వేయించండి. మీ చేదు ఇక్కడే వచ్చింది. మిరప వేయించడం పోపులో వేయించినట్టు కాదు, ఒక్కో వైపు 10 నుంచి 15 సెకన్లు, అంతే. వాసన రావాలి, రంగు ఒక ఛాయ మారాలి. నల్ల మచ్చ పడిన కాయని మొహమాటం లేకుండా పారేయండి, అలాంటివి రెండు ఉన్నా సాసంతా చేదు. తర్వాత బెల్లం వేసినా ఆ చేదు పోదు.

వేయించినవి వేడినీళ్లలో 20 నిమిషాలు నాననిచ్చి, ఆ నీళ్లు ఒక చుక్క నాలుక మీద వేసి చూడండి. చేదుగా ఉంటే పారబోసి మామూలు నీళ్లతో రుబ్బుకోండి. మిక్సీలో వెన్నలా రుబ్బాక జల్లెడ తప్పదు. బ్యాడగి తొక్క మందం, ఎంత రుబ్బినా పొరలు పొరలుగా పంటికి తగులుతుంది.

ఉల్లి తినని వారి కోసం ముందు మిరప, టమాటా, జీలకర్ర మాత్రమే రుబ్బి వడకట్టి, పావు వంతు పక్కన తీసిపెట్టండి. మిగిలిన దాంట్లో ఉల్లి, వెల్లుల్లి వేసి మళ్లీ రుబ్బితే సరి. విడిగా తీసిన దాన్ని చిటికెడు ఇంగువతో వేయించండి.

రుబ్బింది అలాగే పోయకండి. మూడు చెంచాల నూనె బాగా కాగాక పోసి, పచ్చివాసన పోయి నూనె అంచులకి తేలేదాకా 8 నుంచి 10 నిమిషాలు వేయించాలి. చిందుతుంది, లోతైన గిన్నె పెట్టుకోండి. తర్వాత నీళ్లో (చికెన్ ట్రే సాస్‌కైతే చికెన్ ఉడికించిన నీళ్లో) కలిపి మొత్తం ఒక లీటరు చేయండి. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత నిలబడాలి, అదే పాకం. ఉప్పు చివర్న. పిజ్జాలతో వచ్చే ఒరెగానో అర చెంచా మించి వద్దు. అది తులసి కుటుంబానిది, మెక్సికన్ ఒరెగానో వేరే మొక్క. ఎక్కువ వేస్తే పిజ్జా సాస్ వాసనొస్తుంది.

రొట్టె_పెనం

మక్కీ ఆటా విరగడంలో మీ తప్పు లేదండీ. అది ఎండు మొక్కజొన్నని అలాగే మర పట్టిన పిండి. మెక్సికోలో గింజని సున్నం నీళ్లలో ఉడికించి, నానబెట్టి, తర్వాత రుబ్బుతారు. దాన్ని నిక్స్టమలైజేషన్ అంటారు. సున్నానికి గింజ పైతొక్క కరుగుతుంది, పిండికి పట్టు వస్తుంది, గింజలో బంధించి ఉన్న నియాసిన్ విటమిన్ కూడా ఒంటికి అందుతుంది. మాసా హరీనా అని అమ్మేది ఇలా చేసి ఎండబెట్టిన పిండే. పెద్ద సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో వెతకండి. దొరికితే 2 కప్పులకి కప్పున్నర గోరువెచ్చని నీళ్లు, అర చెంచా ఉప్పు, 20 నిమిషాలు తడిబట్ట కింద. 16 వస్తాయి.

దొరక్కపోతే గ్రైండర్ ఉంది కదా, ఇంట్లోనే చేయొచ్చు. అర కిలో ఎండు మొక్కజొన్న గింజలు, లీటరున్నర నీళ్లు, 5 గ్రాముల తినే సున్నం. తమలపాకుల్లో వేసుకునే సున్నమే, వాసనలు కలపనిది. గోడలకి వేసేది వద్దు. విత్తనాల కొట్లో గింజలు అస్సలు వద్దు, వాటికి పురుగుమందులు పట్టించి ఉంటారు. స్వీట్‌కార్న్ పనికిరాదు. స్టీలు గిన్నెలోనే చేయండి, సున్నం అల్యూమినియాన్ని తినేస్తుంది.

సన్న సెగన 40 నిమిషాలు ఉడికించి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున గింజని రెండు వేళ్ల మధ్య నలిపితే తొక్క జారిపోవాలి, లోపల మధ్యలో చిన్న తెల్లటి గట్టి చుక్క మిగలాలి. పూర్తిగా మెత్తబడితే పిండి జిగురై ప్రెస్‌కి అంటుకుంటుంది. నాలుగు నీళ్లు కడిగి, గ్రైండర్‌లో గుప్పెడు గుప్పెడు వేస్తూ వీలైనంత తక్కువ నీళ్లతో రుబ్బండి. పలచనైతే కాస్త మక్కీ ఆటా కలిపి సర్దుకోవచ్చు.

అంత ఓపిక లేకపోతే 2 కప్పుల మక్కీ ఆటాకి ఒక కప్పు మైదా, ఉప్పు కలిపి, మరిగే నీళ్లు కప్పుంబావు పోసి గరిటెతో కలపండి. జొన్నరొట్టెకి వేడినీళ్లు ఎందుకు పోస్తామో ఇక్కడా అందుకే, పిండి ఉడికి జిగి వస్తుంది. చెయ్యి పట్టేంత చల్లారాక మర్దనా చేయండి. అసలు రుచి రాదు గానీ విరగదు.

35 గ్రాముల ఉండ, పూరీ ప్రెస్‌కి రెండు వైపులా పాలకవరు కత్తిరించి పెట్టండి. వత్తినప్పుడు అంచులు బీటలువారితే పిండికి నీళ్లు చాలలేదని, కవరుకి అంటుకుంటే ఎక్కువైందని. బాగా కాలిన పెనం మీద మొదటి వైపు 20 సెకన్లు, రెండో వైపు ఒక నిమిషం, మళ్లీ తిప్పి 20 సెకన్లు. తీసిన వెంటనే బట్టలో చుట్టి హాట్‌ప్యాక్‌లో పెట్టాలి. పది నిమిషాలు అందులో ఆవిరి పట్టాకే రొట్టె మెత్తగా వంగుతుంది. చల్లారిన జొన్నరొట్టెని చుట్టాలని చూస్తే ఏమవుతుందో ఇదీ అంతే.

సర్జాపూర్_వంటిల్లు

ఇద్దరికీ ధన్యవాదాలండీ, చేదు ఎక్కడ వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. సున్నం పద్ధతే చేస్తాను. మరి చపాతీలు జావ కావడానికి కారణం సాస్ ఎక్కువవడమేనా? స్టఫింగ్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

కోరమంగల_ఓటీజీ

సాస్ ఒక్కటే కాదు. మూడు చోట్ల నుంచి నీళ్లు చేరతాయి: సాస్, స్టఫింగ్, మూతపెట్టి బేక్ చేసినప్పుడు పట్టే ఆవిరి. అన్నిటికీ మందు ఒకటే, చుట్టే ముందు రొట్టెని నూనెలో ముంచి తీయడం. చిన్న బాణలిలో పావు అంగుళం నూనె కాగనిచ్చి, ఒక్కో వైపు 8 నుంచి 10 సెకన్లు. బుడగలు రాగానే తీసేయండి. పైన నూనె పొర పట్టి సాస్ లోపలికి పీల్చదు, రొట్టె కూడా వంగుతుంది. 30 సెకన్లు ఉంచారంటే కరకరలాడి మళ్లీ విరుగుతుంది. నూనె తగ్గించాలని ఈ మెట్టు వదిలేస్తారు చాలామంది, అందుకే జావ అవుతుంది.

స్టఫింగ్ ఏదైనా సరే పొడిగా, చల్లారి ఉండాలి. ఒక్కోదానికి 40 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు.

శాకాహారులకి రాజ్మా మొదటి మాట. 150 గ్రాములు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో వేలితో నలిగేదాకా ఉడికించండి. బెంగళూరు ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మామూలు గిన్నెలో గంటలు పడుతుంది. సగం ఉడికిన రాజ్మా కడుపుకి మంచిది కాదు, స్లో కుక్కర్ జోలికి పోవద్దు. నీళ్లు వార్చి, సగం మెదిపి సగం గింజలుగా ఉంచి, జీలకర్ర నూనెలో దగ్గరపడేదాకా వేయించండి. గరిటెకి ముద్దగా అంటుకోవాలి.

ఉల్లి తినని వారికి బంగాళదుంప, క్యారెట్ బాగుంటాయి. మెక్సికోలోని గ్వానహ్వాతోలో ఎంచిలాదాస్ మినేరాస్ అని చేస్తారు, ఈ రెండిటినీ వేయించి పైన వేస్తారు. మీరు లోపల పెట్టుకోండి: చిన్న ముక్కలు, ముప్పావు ఉడికించి, ఆరబెట్టి, అదే మిరప సాస్ రెండు చెంచాలతో వేయించాలి. పసుపు, ఆవాలు వేయకండి, మసాలా దోశ కూర అయిపోతుంది.

పాలకూర పనీర్ పెట్టేట్టయితే పాలకూరని వేడినీళ్లలో అర నిమిషం ముంచి బట్టలో పిండాలి. 250 గ్రాముల ఆకు పిడికెడు ఉండ అవుతుంది, అప్పుడే సరిగ్గా పిండినట్టు. పుట్టగొడుగులైతే పెద్ద మంట మీద, ఉప్పు చివర్న. ముందే వేస్తే నీళ్లు వదిలి ఉడుకుతాయి, వేగవు.

చికెన్‌కి ఎముకలున్న లెగ్ ముక్కలు 600 గ్రాములు. బ్రెస్ట్ రెండోసారి వేడికి పీచు అవుతుంది. ఉల్లి, వెల్లుల్లి, మిరియాలతో సన్న సెగన 30 నిమిషాలు, ఆ నీళ్లలోనే చల్లారనిచ్చి చేత్తో చీల్చండి. ఆ నీళ్లు చికెన్ ట్రే సాస్‌లో మాత్రమే వాడాలి.

ట్రే అడుగున పలచగా సాస్, దాని మీద ఎంచిలాడాలు మడత కిందికి వచ్చేలా పక్కపక్కనే ఒత్తుగా. పైన సాస్ గరిటెతో, అంచులు కూడా తడిసేలా. మీకు అప్పడంలా అయినవి సాస్ తగలని అంచులే. ట్రేకి 100 గ్రాముల చీజ్, మోజరెల్లా రెండొంతులు, చెడ్డార్ ఒక వంతు. ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు సాగవు, తురిమినవి తురిమినట్టే ఉండిపోతాయి. 180 డిగ్రీల్లో కింది అరలో, ఫాయిల్ కప్పి 12 నిమిషాలు, తీసేసి 6 నిమిషాలు. 28 లీటర్లలో రెండు ట్రేలు ఒకేసారి పట్టవు, శాకాహారం ముందు. నూనె బాణలి కూడా ముందు వాళ్లకే వాడండి.

తవా_మీదే

ఓవెన్ లేకుండానే చేయొచ్చని కూడా చెప్పాలి. మెక్సికోలో చాలా చోట్ల బేక్ చేయరు. రొట్టెని సాస్‌లో ముంచి, పెనం మీద కొద్దిగా నూనెలో అటూ ఇటూ తిప్పి, మడిచి వెంటనే పళ్లెంలో పెడతారు. పైన పచ్చి ఉల్లి ముక్కలు, మీగడ, ఉప్పు కలిపిన పనీర్ పొడి. జావ అయ్యే సమయమే ఉండదు. నాకైతే ఇదే అసలు రుచి. కాకపోతే 8 మందికి ఒక్కరే నిలబడి చేయాలి.

కోరమంగల_ఓటీజీ

నలుగురికైతే మీ పద్ధతే మేలు, ఒప్పుకుంటాను. 16 ఒకేసారి బల్ల మీదికి రావాలంటే ట్రే తప్పదు.

ముందు రోజు పని గురించి అడిగారు కదా: సాస్, స్టఫింగులు శనివారమే చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. మొక్కజొన్న శనివారం రాత్రి సున్నంలో పడాలి. రొట్టెలు ఆదివారం పొద్దున. చుట్టి పెట్టుకుంటే రెండు గంటలు ఆగుతాయి, సాస్ మాత్రం ఓవెన్‌లోకి వెళ్లే ముందే పోయాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు ట్రేని నేరుగా వేడి ఓవెన్‌లో పెడితే పగులుతుంది, అరగంట బయట ఉంచండి.