అరుదైన మొక్క కనబడితే కోయాలా, ఫోటో తీసి వదిలేయాలా?

పొడిఆకు:
మొక్కల సేకరణ సాహసాలు చదివినప్పుడల్లా నాకు 1850 నాటి ఖాసీ కొండలే గుర్తొస్తాయి. ఆంగ్లేయ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ అక్కడ నీలి వాండా ఆర్కిడ్లను ఏడుగురు మోసేంత ఏరించాడు. ప్రాణంతో ఇంగ్లండు చేరినవి కొన్నే. ఆ మాట ఆయనే రాసుకున్నాడు. ఇప్పుడు మంచి కెమెరాలున్నాయి కదా, ఇంకా తెంపడం ఎందుకు?

చిత్తడినేల:
ఫోటోలో పువ్వు అందం తెలుస్తుంది, అండాశయంలో ఎన్ని గదులున్నాయో తెలియదు. కాడ మీది నూగు ఒంటిపోగా, చీలిన పోగా అన్నది సూక్ష్మదర్శినిలో చూడాలి. కొన్ని జాతుల మధ్య తేడా అంతే. ఎండిన నమూనా నుంచి వందేళ్ల తర్వాత కూడా డీఎన్‌ఏ తీయవచ్చు. వానాకాలంలో గుడారంలో కూర్చుని, కొమ్మలను అదిమి ఉంచిన కాగితాలు తడిసినవి తడిసినట్టు రోజూ మార్చి, పొయ్యి సెగకు ఆరబెట్టి చూడండి. ఒక్క రాత్రి బద్ధకిస్తే అంతా బూజు. ఆ చాకిరీ తెలిసినవాళ్లు సరదాకి ఒక్క కొమ్మ కూడా ఎక్కువ కోయరు.

పొడిఆకు:
మీ కష్టం కాదనను. పదే మొక్కలున్న చోట ఏం చేస్తారు?

చిత్తడినేల:
కోయను. ఇరవైకి ఒకటి మించకూడదన్నది మాలో చాలామంది పాటించే లెక్క. వీలైతే వేరు జోలికి పోకుండా ఒక్క కొమ్మే. (దుంప జాతులకు ఇది కుదరదు, అది వేరే గొడవ.)

రాతిగడ్డ:
మీరిద్దరూ అసలు దొంగను వదిలేశారు. హెర్బేరియానికి (ఎండిన మొక్కల నమూనాలు దాచే చోటికి) వెళ్లిన కొమ్మతో అడవి ఖాళీ కాదు, బయటపడిన చిరునామాతో అవుతుంది. వియత్నాంలో దొరికిన ఒక పాఫియోపెడిలం ఆర్కిడ్‌కు 1999లో పేరు పెట్టారు. కొన్నేళ్లకే వ్యాపారులు దాన్ని దాదాపు ఊడ్చేశారు. అడవి నుంచి తీసిన ఆ ప్రజాతి మొక్కలను దేశాలు దాటించి అమ్మడం అప్పటికే నిషేధం. ఎవరు విన్నారు?

చిత్తడినేల:
చోటు దాచేస్తే, రేపు అక్కడ గని తవ్వడానికి వచ్చినవాళ్లను ఏం చూపించి ఆపుతారు?

రాతిగడ్డ:
అధికారులకు, దారి చూపిన ఊరివాళ్లకు చెప్పండి. పత్రికలో మాత్రం జిల్లా పేరుతో ఆపండి. నిజానికి ఆ ఊరివాళ్లకు ముందే తెలుసు, ‘కనుగొన్నది’ మనమే.

పొడిఆకు:
సరే, కొమ్మ విషయంలో సగం ఒప్పుకుంటాను. కానీ ఒకే కొండకు ఏటా ఐదు బృందాలు వెళ్తే, ఐదూ ‘ఇరవైలో ఒకటే తీశాం’ అంటాయి. ఆ ఐదింటినీ కలిపి లెక్క రాసేది ఎవరు?