డచ్చి వాళ్ల ‘స్టొఫ్‌జైఖెన్’: దుమ్ము పీల్చే క్రియ ఎలా పుట్టింది?

‘స్టొఫ్‌జైఖెన్’ అనే క్రియకు భూతకాలం ‘జోఖ్ స్టొఫ్’ కాకుండా ‘స్టొఫ్‌జైఖ్డె’ ఎందుకైంది, అది వికృత రూపం కాదా అని డచ్చి నేర్చుకుంటున్న మిత్రులు అడిగారు. దానికి ఇది నా జవాబు. ‘స్టొఫ్’ అంటే దుమ్ము, ‘జైఖెన్’ అంటే పీల్చడం. రెండూ కలిస్తే వాక్యూమ్ క్లీనర్‌తో ఇల్లు శుభ్రం చేయడం. ఇంతవరకు చిక్కేమీ లేదు. చిక్కంతా భూతకాలంలోనే.

‘జైఖెన్’ చాలా పాత క్రియ. తల్లిపాలు తాగే పసికందును ‘జైఖెలింగ్’ అనేది దీని నుంచే. జర్మన్ ‘జావ్‌గెన్’, ఇంగ్లీషు ‘సక్’ దీనికి చుట్టాలు. ఇలాంటి పాత క్రియలు భూతకాలంలో లోపలి అచ్చును మార్చుకుంటాయి: జైఖెన్ (పీల్చడం), జోఖ్ (పీల్చాను), ఖెజోఖెన్ (‘పీల్చి ఉన్నాను’ లాంటి చోట వచ్చే రూపం). ఆ లెక్కన ‘దుమ్ము పీల్చాను’ అనడానికి ‘జోఖ్ స్టొఫ్’ రావాలి. కానీ ప్రామాణిక రూపం ‘స్టొఫ్‌జైఖ్డె’. అచ్చు కదలదు, పదం విడిపోదు, చివర ‘డె’ మాత్రం చేరుతుంది. ‘ఖెజోఖెన్’ స్థానంలోనూ ‘ఖెస్టొఫ్‌జైఖ్ట్’ అంటారు. ‘స్టొఫ్‌ఖెజోఖెన్’ అనేవారూ ఉన్నారు, వారి చెవికి పాత క్రియ ఇంకా వినిపిస్తోందన్నమాట.

కారణం పుట్టుకలో ఉంది. ముందు వచ్చింది యంత్రం. 1901లో ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ మోటారుతో దుమ్ము లాగే యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. అలాంటి యంత్రానికి డచ్చిలో ‘స్టొఫ్‌జైఖర్’, అంటే దుమ్ము పీల్చేది, అని పేరు. క్రియ ఆ పేరులోంచి ‘అర్’ ప్రత్యయాన్ని తీసేయగా వచ్చింది. అంటే ఇది రెండు మాటలు జతకట్టి చేసిన క్రియ కాదు, ఒక నామవాచకాన్ని తరిగి చేసిన కొత్త క్రియ. కొత్త క్రియలకు డచ్చి క్రమబద్ధమైన రూపాలనే, అంటే అచ్చు మారకుండా చివర ‘డె’ లాంటిది చేరే రూపాలనే, ఇస్తుంది.

‘బేల్ట్‌హౌవెన్’ (శిల్పం చెక్కడం) కూడా అంతే. శిల్పి అనే ‘బేల్ట్‌హౌవర్’ నుంచి వచ్చింది. ఒంటరి ‘హౌవెన్’ (నరకడం, చెక్కడం)కు భూతకాలం ‘హియు’, దీనికి మాత్రం ‘బేల్ట్‌హౌడె’.

దీనికి ఎదురుగా ‘ఆదెమ్‌హాలెన్’ను చూడండి. ‘ఆదెమ్’ ఊపిరి, ‘హాలెన్’ తెచ్చుకోవడం. ఇది నిజంగా రెండు మాటల కలయిక, కాబట్టి వాక్యంలో విడిపోతుంది: ‘హాల్ట్ ఆదెమ్’. మనమూ ‘ఊపిరి తీసుకోలేదు’ అనే మాటను ‘ఊపిరి కూడా తీసుకోలేదు’ అని మధ్యలో విడదీస్తాం కదా.

అందుకే ‘స్టొఫ్‌జైఖ్డె’ను వికృత రూపమని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. డచ్చి వ్యాకరణం తన నియమాన్ని ఇక్కడ చక్కగా పాటించింది.