పియానో ట్యూనింగ్‌కి ఏ యాప్ కొనాలి?

సికింద్రాబాద్‌లో చర్చి పియానోలు, ఇళ్లలోవి ట్యూన్ చేస్తుంటా అన్నా, ఇన్నాళ్లూ ట్యూనింగ్ ఫోర్కు, చెవి మీదే నడిచింది, ఇప్పుడు రోజుకి రెండు చేయాల్సొచ్చి సాయంత్రానికి చెవులు అలిసిపోతున్నాయి. ట్యూన్‌ల్యాబా, సైబర్‌ట్యూనరా? గిటార్ ట్యూనర్‌తో సరిపెట్టొచ్చా?

జవాబు: గిటార్‌ది వద్దు తమ్ముడూ. పియానో తీగలు బిరుసు కాబట్టి ఒక్కో తీగలో మూలస్వరంతో పాటు పలికే పైస్వరాలు (ఓవర్‌టోన్లు) లెక్క కన్నా కాస్త పైకి పలుకుతాయి, అందుకే ట్రెబుల్ కొంచెం పైకి, బేస్ కిందికి సాగదీయాలి, ఆ సాగు ఒక్కో పియానోకి ఒక్కోలా, చిన్న అప్రైట్ (నిలువు పియానో)లో మరీనూ. మంచి యాప్ నీ తీగల్ని కొలిచాకే లెక్క కడుతుంది.

జవాబు: సైబర్‌ట్యూనర్ ఐఫోన్, ఐప్యాడ్ వాళ్లకి, ఆండ్రాయిడ్ అయితే ట్యూన్‌ల్యాబ్, పియానోమీటర్ చూడండి. పిచ్ రైజ్ (బాగా దిగిపోయిన శ్రుతిని పైకి లాగే సదుపాయం) మాత్రం తప్పక ఉండాలండీ, ఏళ్లుగా ముట్టని పియానోని మామూలు శ్రుతి 440 హెర్ట్జ్‌కి లాగుతుంటే ముందు చేసిన తీగలు మళ్లీ దిగిపోతాయి, ఎంత అదనంగా లాగాలో అదే చెప్తుంది.

జవాబు: ఏది కొన్నా ఒకే స్వరం మూడు తీగల్నీ కలిపేది చెవితోనే చెయ్ బ్రో, నీ చెవే బెస్ట్.