సీల్ డబ్బాలో ఏముందో ఊహించి పిల్లలకు ముందే నేర్పించవచ్చా?

దేవరకొండ టీచర్: వచ్చే నెల నల్లగొండలో పిల్లల రోబో పోటీ. రోబో భాగాలున్న సీల్ కిట్ డబ్బా పోటీ రోజు పొద్దున్నే తెరవాలి. నోటీసులో "స్క్రూడ్రైవర్, నల్ల టేప్ తెచ్చుకోండి" అని ఉంది. నల్ల టేపంటే నల్ల గీత వెంట నడిచే రోబో, లైన్ ఫాలోయరే అనిపిస్తోంది. గీతను గుర్తించే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్ మీద ప్రాక్టీస్ మొదలుపెట్టమంటారా?

కొండమల్లేపల్లి అన్న: వద్దు టీచర్. టేప్ వైర్ల జాయింట్లకు. పోయినేడు నేను శబ్దంతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ వస్తుందనుకొని నెల రోజులు అదే చేయించా. వచ్చినవి చక్రాలు తిప్పే రెండు చిన్న బీవో మోటార్లు, వాటిని నడిపే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు, ఐఆర్ సెన్సర్లు. మా తొమ్మిదో తరగతి పాప డబ్బా అడుగున అట్ట కూడా లేపి వెతికింది.

పాలమూరు నాన్న: ఊహించడంలో తప్పేముంది? అమెరికాలో 1992లో మొదలైన ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో ఆట ఏమిటో జనవరిలో చెబుతారు. అప్పటిదాకా పిల్లలు ఊహిస్తూనే ఉంటారు. పైగా ఇన్సులేషన్ టేప్‌తోనే ట్రాక్ వేస్తాం. నేనూ ఎన్నోసార్లు వేశా.

కొండమల్లేపల్లి అన్న: వాళ్లకు ఆ తర్వాత వారాల టైమ్ ఉంటుంది సార్. మనకు ఒక్క పూట. అయినా టేప్ జాయింట్లకే.

హాలియా తమ్ముడు: ఐఆర్ అయితే ఎండలో చేయించకండి, రీడింగ్ తప్పుతుంది. చిన్న 9 వోల్ట్ బ్యాటరీ మోటార్లను లాగలేదు, రోబోను నడిపించే ఆర్డుయినో ఊనో బోర్డు రీసెట్ అవుతుంది.

పాలమూరు నాన్న: అన్నా, ఒక్క సెన్సర్‌నే పట్టుకుని కూర్చుంటే తప్పు డబ్బాదా, మీదా? మా బాబు సర్వో మోటార్‌తో సహా అన్నీ నేర్చుకున్నాడు.

కొండమల్లేపల్లి అన్న: మా దగ్గర ఉన్నదే ఒక్క సెన్సర్ సార్! బడిలో పిల్లలు ఇలాంటివి చేసి నేర్చుకునే టింకరింగ్ ల్యాబ్ లేదు. నా జేబులోంచి కొన్నా. నలుగురు పిల్లలు వంతులు వేసుకున్నారు. మీ బాబుకు ఊహించే పనే లేదు, అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. ఊహ తప్పితే నెల పోయేది మాకే. అందుకే డబ్బాలో ఏముందో లిస్టు ముందే చెప్పాలంటున్నా.

పాలమూరు నాన్న: ఆ కష్టం నాకు తెలియలేదు. కానీ లిస్టు చెబితే కొనగలిగినవాళ్లు మర్నాడే కొంటారు. మీ పిల్లలకు ఇంకా నష్టం.

దేవరకొండ టీచర్: అయితే లిస్టుతో పాటు మండలానికో ప్రాక్టీస్ కిట్ అడుగుదాం. అర్జీ నేను రాస్తా. అన్నా, మా బడిలో ఐఆర్ సెన్సర్లు నాలుగున్నాయి. ఆదివారం పిల్లల్ని తీసుకురండి.

కొండమల్లేపల్లి అన్న: నలుగురినీ తెస్తా టీచర్, మా అల్ట్రాసోనిక్ కూడా. అర్జీలో మొదటి సంతకం నాదే.