మే నెల బీచ్ ఉత్సవానికి పంచాయతీ సొమ్ము పెట్టొచ్చా?

తీరపు ఊరు:
సూర్యలంక, వాడరేవు, రామాపురం లాంటి చోట్లకి మే నెల శని, ఆదివారాల్లో గుంటూరు నుంచి, హైదరాబాద్ నుంచి జనం ఎలాగూ వస్తారు. వాటిని చూసి చుట్టుపక్కల తీరపు ఊళ్లలో కుర్రాళ్లు అడిగేది ఒకటే. మనమూ మూడు రోజులు ఉత్సవం పెడదాం, స్టేజీ, కబడ్డీ, ఈత పందేలు, తిండి దుకాణాలు; గ్రామసభలో తీర్మానం చేసి పంచాయతీ నుంచి మూడు లక్షలు ఇప్పించండి అని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఇళ్లలో రాబడి ఉండదు, జనం వస్తే నాలుగు రూపాయలు దొరుకుతాయన్నది వాళ్ల వాదన.

నా మాట చెప్పేస్తున్నా. స్టేజీకి, సౌండుకి, పాటగాళ్లకి పంచాయతీ ఒక్క రూపాయి పెట్టకూడదు. నీళ్లకి, మరుగుదొడ్లకి, స్నానాల దగ్గర కాపలాకి మాత్రం ఉత్సవం ఉన్నా లేకున్నా పెట్టి తీరాలి. కాదనేవాళ్లు లెక్కతో చెప్పండి.

పద్దుల మాస్టారు:
లెక్కతోనే చెబుతా. ముందు ఏ పద్దులోంచి అన్నది తేలాలి. 2021-26 కాలానికి కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటు లెక్క చూడండి, పది లక్షలు వచ్చిందనుకోండి. అందులో ఆరు లక్షలు ముందే కట్టిపడేసినవి: మూడు తాగునీటికి, మూడు పారిశుద్ధ్యానికి. మిగిలిన నాలుగూ ఊరి అవసరాలకి వాడుకోవచ్చు గానీ, ఆ పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ముందే ఎక్కాలి. ఏప్రిల్ చివర్లో గ్రామసభ పెట్టి, మే రెండో వారంలో షామియానా బిల్లు తెస్తే ఆడిట్‌లో అభ్యంతరం రాస్తారు. సర్‌చార్జి, అంటే తప్పుగా పెట్టిన సొమ్ము తిరిగి కట్టమనే ఉత్తర్వు, పడితే కట్టాల్సింది తీర్మానం చేయించిన కుర్రాళ్లు కాదు, సంతకం పెట్టినవాళ్లు.

ఇక సాధారణ నిధులు. ఇంటి పన్ను, ఆశీలు (సంత, పార్కింగ్ లాంటి చోట్ల వసూలు), లైసెన్సు ఫీజులు కలిసి వచ్చినదాన్ని జీతాలకి 30 శాతం, పారిశుద్ధ్యం, నీళ్లు, వీధి దీపాలకి తలా 15, రోడ్లు, కాలవలకి 20 అని పంచుకోగా ఇతర ఖర్చులకి మిగిలేది 5 శాతం. ఏడాదికి 20 లక్షలొచ్చే పంచాయతీకి అది లక్ష. మూడు లక్షలు ఎక్కణ్నుంచి తెస్తారు? పంచాయతీకి అసలు సంబంధం లేదనడం కూడా తప్పే. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో 21వ అంశం సాంస్కృతిక కార్యక్రమాలు, 22వది సంతలు, తిరునాళ్లు. ఊరికి ఆ బాధ్యత ఉంది, చేతిలో డబ్బే లేదు.

అయితే ఆ డబ్బు కారిపోయే చిల్లు ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పార్కింగ్ ఆశీలు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఏడాది మొత్తానికి ఒకేసారి వేలం పాడేస్తారు. ఉత్సవం రోజున 400 కార్లు, కారుకి 50. 800 బైకులు, బైకుకి 20 అనుకుందాం. 20,000, 16,000 కలిపి 36,000. మూడు రోజులకి 1,08,000. ఇదంతా పాటదారుడికే పోతుంది, ఎందుకంటే పాట షరతుల్లో ఉత్సవం మాట లేదు. చెత్త ఎత్తేది పంచాయతీ, వసూలు చేసుకునేది పాటదారుడు. మార్చిలో వేలం ప్రకటన రాసేటప్పుడే "ఉత్సవ దినాలు పాటలో చేరవు, ఆ రోజుల వసూలు పంచాయతీ రసీదు పుస్తకాల మీదే" అని ఒక్క ముక్క చేర్చాలి. పాట అయిపోయాక చేరిస్తే అది ఒప్పందం మార్చడమే, పాటదారుడు ఊరుకోడు. ఊరుకోనక్కర్లేదు కూడా.

వలకట్టు:
మాస్టారూ, డబ్బు సంగతి సరే. చోటు సంగతో? ఒడ్డు నిండిపోయి ఉండేది వేట ఆగిన ఈ రెండు నెలలే. బోట్లన్నీ పైకి లాగేసి ఉంటాయి. ఇంజన్లు విప్పుతారు, పగుళ్లు పూడుస్తారు, రంగులేస్తారు, వలలు పరిచి తెగిన కన్నులు కడతారు. మిగతా పది నెలలు ఎంతో కొంత ఖాళీ ఉండే ఇసుక మీద సరిగ్గా మే నెలలోనే కాలు పెట్టే జాగా ఉండదు. అక్కడ తాడు కట్టి పార్కింగ్ అంటే ఎలా?

కారు టైరు వల మీదకెక్కి మెలి తిరిగిందంటే పై తాడుకున్న బెండ్లు పగులుతాయి. అది కంటికి కనబడే నష్టం, మార్చుకోవచ్చు. కనబడనిది దారం. ఇసుకకీ టైరుకీ మధ్య నలిగిన నైలాన్ ఒడ్డున చూస్తే బాగానే ఉంటుంది. జూన్ 15 తర్వాత సముద్రంలో బరువు పడ్డాక అక్కడే చిరుగుతుంది. అప్పుడెళ్లి ఎవరిని అడగాలి?

కాబట్టి వాహనాలు రోడ్డు చివరే ఆగిపోవాలి, ఇసుక మీదకి ఒక్క బండీ దిగకూడదు. రెండోది, కుల పెద్దలతో కూర్చోకుండా కాగితం మీద తీర్మానం పట్టుకొస్తే పని జరగదు. పట్టపు కులం మత్స్యకారుల ఊళ్లలో కాపులు అనే ఆ కుల పెద్దలు దురాయి వేశారంటే ఆ కట్టుబాటు దాటి ఒక్క ఇల్లూ కదలదు.

పద్దుల మాస్టారు:
బండ్ల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తా. పెద్దల విషయంలో సగమే. ఊళ్లో ఓటున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యులే, ఆడవాళ్లతో సహా, తీరానికి అవతలి వాడలవాళ్లతో సహా. పెద్దల కూటమిలో వాళ్లకి చోటుందా? సలహా అడగడం తప్పనిసరి అనండి, ఒప్పుకుంటా. అనుమతి అనకండి.

రేవు పిన్ని:
ఇద్దరూ వేటకెళ్లే మగవాళ్ల లెక్కే వేస్తున్నారు. నిషేధ కాలపు భృతి 2025లో 10,000 నుంచి 20,000 చేశారు, మంచిదే. అది బోటెక్కే మనిషి పేరున వస్తుంది. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మే ఆడమనిషికి ఆ 61 రోజులు గంపా ఖాళీ, భృతీ లేదు. అందుకే ఉత్సవం కావాలంటాను, గట్టిగానే అంటాను.

కానీ దుకాణాల జాగాలు వేలం పెట్టకండి. వేలం పెడితే పట్నం నుంచి వచ్చే చాట్ బండివాడే గెలుస్తాడు, ఊరి మనిషి గెలవదు. ఇరవై జాగాలుంటే పన్నెండు డ్వాక్రా సంఘాలకి చీటీలు తీసి ఇవ్వండి, రోజుకి 200 అద్దె చాలు. మిగతా ఎనిమిది వేలం వేసుకోండి.

ఏం అమ్మాలన్నది కూడా ముందే అనుకోవాలి. నిషేధంలో "తాజా సముద్రపు చేప" అని బోర్డు పెట్టకూడదు. మోటారు లేని తెప్పల మీద వచ్చేది కొంచెమే, అది ఊరికే సరిపోదు. చెరువు వనామీ రొయ్య, బొచ్చె చేప, ఎండు చేప, వీటితోనే నడపాలి. ప్లేటుకి 150 గ్రాములు వేస్తే వంద ప్లేట్లకి 15 కిలోల రొయ్య. మే ఎండలో కిలో రొయ్యకి కిలో ఐసు తగ్గకూడదు, అదీ పొర రొయ్య, పొర ఐసుగా, అడుగున నీళ్లు పోయే కన్నమున్న పెట్టెలో. కరిగిన నీళ్లలో నానితే మధ్యాహ్నానికే రొయ్య మెత్తబడి తల నల్లబడుతుంది. పొయ్యిలు సరుగుడు తోపు పక్కన వద్దే వద్దు. రాలిన ఆకు జానెడు మందాన ఎండి ఉంటుంది, గాలికి ఒక్క నిప్పురవ్వ చాలు.

టెంట్‌హౌస్:
స్టేజీకి డబ్బు ఎవరిచ్చినా సరే, ఇసుక మీద కట్టేటప్పుడు తప్పు జరిగేది నాలుగు చోట్ల.

ఒకటి, మేకులు. ఎండిన ఇసుకలో మేకు ఎంత సులువుగా దిగుతుందో అంతే సులువుగా లేస్తుంది. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి పెరుగుతుంది, గుడ్డ తెరచాపలా ఉబ్బుతుంది. మూడడుగుల గొయ్యి తీసి, సరుగుడు దుంగని అడ్డంగా పడుకోబెట్టి, దాని నడుముకి తాడు కట్టి పూడ్చాలి. అప్పుడు పైనున్న ఇసుక బరువంతా తాడుకి ఆనుతుంది. వెనకవైపు గుడ్డ కట్టకుండా గాలి పోనిస్తే సగం సమస్య ఉండదు.

రెండు, ఎర్తింగ్. ప్రాణాలు పోయేది ఇక్కడే. పొడి ఇసుకలో కరెంటు భూమిలోకి దిగదు. మూడడుగుల రాడ్డు పొడి ఇసుకలో దింపి ఎర్తింగ్ అయిందనుకుంటే లీకైన కరెంటు స్టేజీ ఇనుప గొట్టాల్లోనే కాచుకుని ఉంటుంది. తడి తగిలేదాకా రాడ్డు దింపాలి, జనరేటర్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కోసేసే స్విచ్) పెట్టాలి, రోజూ సాయంత్రం లైట్లు వేసే ముందు దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. ఉప్పు గాలికి ప్లగ్గుల్లో పచ్చ తుప్పు పడుతుంది. జాయింట్లు నేల మీద వదలకూడదు.

మూడు, పోటు. పున్నమికీ అమావాస్యకీ నీరు ఎక్కువ పైకి వస్తుంది. ఇవాళ పోటు వచ్చిన వేళకి రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పగలు చూసి గుర్తు పెట్టుకుంటే సరిపోదు. కిందటి పున్నమికి కొట్టుకొచ్చిన నాచు, పుల్లల గీత ఎక్కడుందో చూసి దానికి బాగా పైన కట్టాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది, వారం ముందు నుంచి రోజూ చూసుకోవాలి.

నాలుగు, తుపాను. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2022 మేలో అసాని మచిలీపట్నం, నరసాపురం మధ్య తాకింది. మే అంటే తుపాను నెల కూడా. ఒప్పందంలో "వాతావరణ హెచ్చరిక వస్తే అడ్వాన్సులో ఇంత తిరిగివ్వాలి" అని రాయించుకోని కమిటీ మొత్తం పోగొట్టుకుంటుంది.

మైకు రాత్రి పదింటికి ఆపాలి. ఆ గడువు పెంచే అధికారం పంచాయతీకి లేదు.

తాబేలు గస్తీ:
పోటు గీత మాట వచ్చింది కాబట్టి. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం గుడిసెలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదుల లాంటి తాత్కాలిక పర్యాటక కట్టడాలు కూడా పోటు గీతకి కనీసం 10 మీటర్లు ఎడంగా ఉండాలి. అంతకన్నా నాకు పెద్ద బాధ జేసీబీ. కబడ్డీ కోర్టు కోసం ఇసుక చదును చేస్తారు. సముద్రపు తాబేలు గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది, మార్చి చివర్లో పెట్టిన గూడు మేలో పగులుతుంది. పైకి ఏ గుర్తూ ఉండదు. చదును చేస్తే గూడూ పోతుంది, ఇసుకని పట్టి ఉంచే తీగలూ పోతాయి, వానాకాలంలో ఆ చోటే కోత పడుతుంది. తాబేలు పిల్లలు బయటికొచ్చి వెలుగున్న వైపు నడుస్తాయి. స్టేజీ లైట్లు వెలుగుతుంటే సముద్రం వదిలేసి జనం కాళ్ల కిందకి వస్తాయి. ఆలివ్ రిడ్లే తాబేలు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, అంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్నది. లైట్లన్నీ ఊరివైపు తిప్పండి, ఉత్సవం ముందు అటవీ శాఖ వాళ్లతో ఒడ్డు ఒకసారి నడవండి.

తీరపు ఊరు:
ఇవన్నీ వింటుంటే నా మొదటి మాటే గట్టిపడుతోంది. పంచాయతీ సొమ్ముకి స్నానాల కాపలాని మించిన పని లేదు. అలలు విరగకుండా నీరు నున్నగా కనబడే చోటు భద్రమనుకుని జనం అక్కడే దిగుతారు. నిజానికి ఒడ్డుకొచ్చిన నీరంతా వెనక్కి లాగేసేది ఆ సందులోంచే. ఊరివాళ్లకి తెలుసు, వచ్చినవాళ్లకి తెలియదు. ఇసుక తిన్నెలు కదులుతాయి కాబట్టి ఆ సందు కూడా కదులుతుంది. బోర్డు ఒకచోట పాతేసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. రోజూ పొద్దున చూసి వంద మీటర్ల మేర రెండు జెండాలు మార్చి పాతాలి. ఆ వంద మీటర్లకి పూటకి నలుగురు గజ ఈతగాళ్లు, బెండ్లు కట్టిన తాడు, ట్యూబులు, ఒక ఫైబర్ బోటు. నిషేధంలో మోటారు బోటు నీళ్లలో కనబడితే ఆపుతారు, అందుకే బోటు నంబరు మత్స్యశాఖకి, మెరైన్ పోలీసులకి ముందే రాసివ్వాలి. ఆ బోటు మీద షికారు తిప్పడం మాత్రం కుదరదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన సంగతి మర్చిపోకూడదు.

వలకట్టు:
నీళ్ల సంగతి ఒకటి మిగిలింది. ఐదు వేల మందికి తలా మూడు లీటర్లు తాగడానికే 15,000 లీటర్లు. ఒళ్లు కడుక్కోవడానికి సగం మందికి పది లీటర్లు వేసుకున్నా ఇంకో 25,000. ఆ 40,000 ఊరి బోరులోంచి తోడితే? తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం ఒక అడుగు దిగితే కింద ఉప్పునీరు కాలక్రమంలో నలభై అడుగుల దాకా పైకి ఎక్కుతుందని భూగర్భజల శాస్త్రంలో లెక్క. మే నెలలోనే మట్టం అట్టడుగున ఉంటుంది. ట్యాంకర్లు లోపలి ఊళ్ల నుంచే రావాలి. మరుగుదొడ్లు కూడా గొయ్యి తీసి పెట్టకండి. ఇసుకలో ఆ మురుగు చేతిపంపుకి చేరడానికి ఎన్నాళ్లో పట్టదు. కింద ట్యాంకున్నవి తెచ్చి రోజూ తోడించాలి. ఇరవై సీట్లు పెట్టినా సీటుకి 250 మంది, ఆడవాళ్లకి పన్నెండన్నా కేటాయించాలి.

పద్దుల మాస్టారు:
అయితే తీర్మానం ఇలా రాయొచ్చు. స్టేజీ, మైకు, బహుమతులు దాతలవి, కమిటీ ఖాతాలో. నీళ్లు, మరుగుదొడ్లు, చెత్త, ఈతగాళ్లు పంచాయతీవి, పార్కింగ్ వసూలు ఎంత వస్తే అంతలోపే. గంగమ్మ జాతరతో కలిపేద్దామని కొందరంటారు. జాతర చందాలు, ఈ లెక్క ఒకే పుస్తకంలో రాయకండి. ముగిసిన పదిహేను రోజుల్లో రాబడి, ఖర్చు పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాలి.

రేవు పిన్ని:
దుకాణాల జాగా అద్దె ఏ ఖాతాలోకి వెళ్తుందో మీ తీర్మానంలో లేదు మాస్టారూ. అదీ రాయండి. కమిటీ ఖాతాలోకి వెళ్తే 200 అద్దె రెండో రోజుకి 500 అవుతుంది. పంచాయతీ రసీదు మీదే ఉండాలి, ఎనిమిది వేలం జాగాలతో సహా.

పద్దుల మాస్టారు:
సరే పిన్నీ, చేరుస్తా. పార్కింగ్ షరతు మాత్రం ఈ ఏడాది వేలం అయిపోయిన ఊళ్లకి కుదరదు. వాళ్లు వచ్చే మార్చి దాకా ఆగడమో, పాటదారుణ్ని కూర్చోబెట్టి ఆ మూడు రోజుల వాటా రాతపూర్వకంగా ఒప్పించుకోవడమో చేయాలి.